మంత్రి 31

మా నాన్న పోస్టుమేన్. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకటే బీటు తిరిగాడు. పాత కోర్టు వెనక వీధి, గిడ్డంగుల రోడ్డు, చివర్న మెట్ల వీధి. ఆయన చేతిలో ఒక్క ఉత్తరం పోలేదనీ, ఒక్కటీ ఆలస్యం కాలేదనీ రిటైర్మెంటు రోజు పోస్టుమాస్టరు చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. పాపం ఎంత వినయమో అనుకున్నారు. అది వినయం కాదని పక్కన కూర్చున్న నాకు తెలుసు. నేనూ తల వంచుకునే ఉన్నాను.

ఆయన గురించి రాయడానికి మంచి సంగతులు బోలెడున్నాయి. తడిసిన ఉత్తరాలను చొక్కా లోపల పెట్టుకుని ఆరబెట్టేవాడు. చదువురాని వాళ్ళకు ఉత్తరం చదివిపెట్టి, చెడ్డ కబురైతే కాసేపు అక్కడే కూర్చునేవాడు. అవన్నీ రాసి ఇది దాచేస్తే నన్ను నేనే క్షమించుకోలేను. నేను దుకాణాలకు బోర్డులు రాసి బతికేదాన్ని. చేతిని నమ్ముకున్నదాన్ని. ఆ చేత్తోనే చేసిన వెధవపని ఇది.

నాన్నకు చదరంగం పిచ్చి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో సార్టింగు గదిలో ఒక పెద్దాయన నేర్పాడట. పార్సిలు అట్ట వెనక గళ్ళు గీసుకుని, సంచుల మూట మీద పెట్టుకుని, మెయిలు బండి వచ్చేలోగా ఒక ఆట. ఆ పెద్దాయన బదిలీ అయిపోయాక నాన్నతో ఆడే దిక్కు లేకపోయింది. అమ్మకు నేర్పబోతే, "ఆ గుర్రమేంటండీ అలా వంకరగా గెంతుతుంది, దానికేమన్నా రోగమా?" అంది. నేను రెండు నెలలు ఆడి, ఓడీ ఓడీ విసుగెత్తి మానేశాను. దాంతో నాన్న బల్లకు ఇటు కూర్చుని ఒక ఎత్తు, అటు వెళ్ళి కూర్చుని ఇంకో ఎత్తు వేసుకునేవాడు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. నాకు జాలేసేది.

ఆడేవాళ్ళు లేకపోయినా ఆ ఆట పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి నేను దొరికేదాన్ని. సైన్యాల్లో ఏనుగులు పోయినా ఈ బల్ల మీద మాత్రం పోలేదనేవాడు. మన మంత్రి సముద్రాలు దాటి రాణి అయింది, మన ఏనుగు కోటబురుజు అయింది. అన్నిటికన్నా నాన్నకు ముచ్చట మంత్రి కథ. మొదట్లో మంత్రికి మూలగా ఒక్క గడే నడక. బంటుకన్నా కాస్త నయం, అంతే. వందల ఏళ్ళు అలాగే నడిచి, ఎక్కడో ఎవరో ఒకరి చేతిలో పడ్డాక బల్లంతా పరిగెత్తడం నేర్చుకుంది. "వర్తకులూ నావికులూ చేతులు మార్చుకుంటూ తెచ్చిన ఆట అమ్మలూ ఇది. దారిలో ఎవడో ఒకడు చెయ్యి పెట్టకుండా ఉంటాడా!" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత దీన్నే సాకు చేసుకున్నాడు.

మెట్ల వీధి చివరి ఇంట్లో లెక్కల టీచరమ్మ ఉండేది. రిటైరైంది, ఒంటరి మనిషి. మోకాళ్ళు పట్టేసి గడప దాటేది కాదు. దూరపు ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఒకాయనతో ఆవిడ పోస్టుకార్డుల మీద చదరంగం ఆడేది. అప్పటికి పదిహేడేళ్ళుగా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన కార్డు నాన్నే తెచ్చి ఇచ్చేవాడు, ఆవిడ రాసిన కార్డు నాన్నే పట్టుకెళ్ళి డబ్బాలో వేసేవాడు. రాను పోను పది పన్నెండు రోజులు. ఒక్కో ఆట రెండేళ్ళు నడిచేది.

వాళ్ళ పద్ధతి చెప్పాలి. గళ్ళకు తెల్ల పావుల వైపు నుంచి ఒకటి మొదలు అరవై నాలుగు దాకా అంకెలు. కార్డు మీద ముందు ఎదుటివాళ్ళ ఎత్తు తిరిగి రాసి, పక్కన 'అందింది' అనాలి. ఆ తర్వాతే తమ ఎత్తు. అడుగున ఒక సొంత మాట: వాన కురిసిందనో, మోకాలు ఎలా ఉందనో.

కార్డు అన్నాక కనపడుతుంది. కనపడింది చదవడం తప్పు కాదని నాన్న వాదన. కానీ ఆయనది కనపడితే చదవడం కాదు, ఆకలి. కార్డు సంచిలో పడగానే ఆ ఎత్తు నోట్లో జపించుకుంటూ ఇంటికొచ్చి, బల్ల మీద పావు జరిపి, అప్పుడు చెప్పులు విడిచేవాడు. ఆ సంగతి టీచరమ్మకు తెలియదు. లోలోపల ఆవిడ పక్షమే ఆయన. పదిహేడేళ్ళలో ఆవిడ గెలిచింది ఒక్కసారి.

ఆ ఏడాది ఆవిడవి నల్ల పావులు, ఆట నల్లవైపే మొగ్గుతోంది. నాన్న పట్టరాని సంతోషంలో ఉన్నాడు. అప్పుడు టీచరమ్మ చేతి నుంచి వచ్చింది ఆ కార్డు: 'మంత్రి 31.'

నాన్న బల్ల ముందు కూలబడ్డాడు. ముప్పై ఒకటంటే తెల్ల పావుల సగంలో, తెల్ల గుర్రం నోటి ముందు. మంత్రిని ఊరికే చంపుకోవడమే. మంత్రి ఉన్న గడి నుంచి ముప్పై ఏడుకు ఒక్క అడుగు, అక్కడైతే ఏ భయమూ లేదు.

"ఏడు రాయబోయి తల గీయడం మర్చిపోయారు. లెక్కల టీచరు, మంత్రిని ఇలా పారేసుకుంటారా?" అన్నాడు.

"వెళ్ళి అడుగు," అన్నాను.

"ఏమని అడగను? మీ కార్డులు పదిహేడేళ్ళుగా చదువుతున్నానమ్మా అనా?"

చదువుతున్నానని ఒప్పుకోవడానికి సిగ్గేసి, అంతకు పదింతలు సిగ్గుమాలిన పని చేశాడు. పోస్టాఫీసు కలం తీసి ఒకటికి తలగీత పెట్టాడు. ఒకటి ఏడయింది. కార్డు సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

నాలుగోరోజు వేరే ఉత్తరం ఇవ్వడానికి వెళితే టీచరమ్మ గడపలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోందట.

"పోస్టుమేన్ గారూ, గడియారాలాయన దగ్గర్నుంచి ఏమన్నా వచ్చిందా?"

"అప్పుడే ఎక్కడమ్మా. ఇంకా వారం పడుతుంది."

"తెలుసులెండి, ఆగలేక అడుగుతున్నా. మీకు చదరంగం తెలుసో లేదో. ఈసారి నా మంత్రిని తీసుకెళ్ళి ఆయన గుర్రం నోట్లో పెట్టాను. చంపాడా, మూడో ఎత్తుకు ఆటకట్టు! జన్మలో ఇలాంటి ఎత్తు నాకు తట్టలేదండీ."

నాన్న తలూపి మెట్లు దిగాడు. మిగిలిన బీటు ఎలా తిరిగాడో ఆయనకే తెలియదు. ఇంటికొచ్చి మంత్రిని ముప్పై ఒకటిలో పెట్టి చూశాడు. గుర్రంతో చంపాడు. ఒకటి, రెండు, మూడు. ఆటకట్టు. ఆవిడ చెప్పినట్టే.

వారానికి గడియారాలాయన కార్డు వచ్చింది. 'మీ ఎత్తు: మంత్రి 37. అందింది. నా ఎత్తు: ఏనుగు 4. ఇక్కడ చలి మొదలైంది.' ఆ కార్డు టీచరమ్మకు ఇచ్చాడా, గుట్టు రట్టు. ఉత్తరం మీద చెయ్యి వేసిన పోస్టుమేన్‌కు ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదు. అయితే నాన్న భయపడింది దానికి కాదు. ఆవిడ మొహం చూడాలి, అదీ ఆయన బాధ.

అప్పుడు నా దగ్గరికొచ్చాడు. నాకు ఇరవై ఏళ్ళు, బోర్డులు రాసే మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఎవరి దస్తూరీ అయినా రెండుసార్లు చూస్తే దించేస్తానని నాకు పొగరు.

"ఒక్క కార్డు అమ్మలూ. ఒక్కటి రాసి పెట్టు."

నేను వద్దనాలి. తిట్టాలి కూడా, తిట్టడం నాకు బాగానే వచ్చు. కానీ నిజం చెప్పాలంటే గడియారాలాయన అక్షరాలు చూడగానే నా వేళ్ళు దురద పెట్టాయి. ఒత్తులన్నీ చిన్న చక్రాల్లా ఉంటాయి. ఐదు నిమిషాల్లో రాసేశాను: 'మీ ఎత్తు: మంత్రి 31. అందింది. గుర్రంతో చంపాను. ఇక్కడ చలి మొదలైంది.' అచ్చు గుద్దినట్టుంది. అరిగిన తపాలా ముద్రతో నాన్న దాని మీద ఊరిపేరు తెలియకుండా అలికేశాడు. నాకు భయం వేయలేదు, మెప్పు కోసం నాన్న మొహంలోకి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

ఒక్క కార్డుతో ఆగుతుందా? ఇప్పుడు ఆటలు రెండయ్యాయి. టీచరమ్మతో గడియారాలాయన పేరు మీద నాన్న ఆడాలి, గడియారాలాయనతో టీచరమ్మ పేరు మీద నాన్నే ఆడాలి. ఏళ్ళ తరబడి ఆడే మనిషి లేక అల్లాడినవాడికి ఒక్కసారిగా ఇద్దరు దొరికారు. అసలు కార్డులు ఒక రేకు డబ్బాలో దాచాడు, వాటి బదులు నేను రాసినవి వెళ్ళేవి. ఇటు నాలుగు, అటు మూడు. అడుగున ఉండే సొంత మాట కూడా నేనే దించేదాన్ని.

ఒకరోజు నేను మండిపడ్డాను. "ఇంకెన్నాళ్ళు నాన్నా?"

"ఈ ఆట ఎన్ని చేతులు మారి వచ్చింది! దారిలో మార్చినవాళ్ళు ఎంతమంది! నేనొక్కణ్ణేనా?" అన్నాడు.

"వాళ్ళు ఖాకీ చొక్కా వేసుకుని మార్చలేదు," అన్నాను.

మూడో ఎత్తుకు టీచరమ్మ ఆటకట్టు చేసింది. చేయక ఏం చేస్తుంది, నాన్న చేయాల్సిందల్లా ఓడిపోవడమే. ఆఖరి కార్డు నేను మనసు పెట్టి రాశాను. 'రాజును పడుకోబెట్టాను. పదిహేడేళ్ళలో ఇంత అందమైన ఎత్తు చూడలేదు.' ఆ రెండో వాక్యం నాన్న చెప్పలేదు, నా సొంతం.

మూడు రోజుల తర్వాత నాన్న అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఆ కార్డుకు ఫ్రేము కట్టించారు. గుమ్మానికి ఎదురుగా తగిలించారు. వెళ్ళినప్పుడల్లా చూపిస్తున్నారు," అన్నాడు. "ఇవాళ పాలవాడికి కూడా చూపించారు."

నా దస్తూరీ అద్దంలో, ఆవిడ గోడ మీద. అమ్మకు అప్పుడే తెలిసింది సంగతంతా. ఆవిడ కేకలేయలేదు. "రేపు ఆదివారం. ఇద్దరూ వెళ్ళి చెప్పి రండి," అంది, అంతే.

నాన్న యూనిఫారం లేకుండా ఆ వీధిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. చంకలో రేకు డబ్బా, వెనక నేను. టీచరమ్మ మమ్మల్ని చూసి సంబరపడిపోయింది. మీ అమ్మాయా, ఏం చదివింది, కూర్చోండి అంటూ హడావిడి చేసింది. గోడ మీది ఫ్రేము చూపించబోతుంటే నాన్న నిలబడే చెప్పేశాడు. ఏడు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. నేను గచ్చు మీది పగుళ్ళు లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఆవిడ కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చుంది.

"అయితే నా మంత్రిని చంపింది..."

"నేనేనమ్మా."

"ఆయన చూడనే లేదా ఆ ఎత్తు?"

"లేదమ్మా."

"ఆయనైతే చంపేవాడో లేదో," అంది. కోపంగా కాదు, లెక్క సగంలో ఆగిపోయిన మనిషిలా అంది. తర్వాత చెయ్యి చాపి డబ్బా తీసుకుంది. అందులోంచి గడియారాలాయన కార్డులు ఒక్కొక్కటే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. మూడో కార్డు దగ్గర ఆగింది.

అందులో ఏముందో నాకు తెలుసు. అడుగున రెండు వరుసలు. 'వచ్చే పదో తారీకు కంటికి ఆపరేషన్. పక్కన ఎవరూ లేరు, కాస్త భయంగా ఉంది.' ఆ రోజు మేస్త్రీ దగ్గరికి వెళ్ళే తొందరలో నేను వాటిని రాయలేదు. చదరంగానికి దీంతో ఏం పని అనుకుని, ఎత్తు మాత్రం దించి, కింద 'చలి ముదిరింది' అని పడేశాను. నాన్నకు చెప్పలేదు.

"పదో తారీకు అయిపోయి వారం దాటింది," అంది టీచరమ్మ. "చూపు మీద బతికే మనిషి. భయంగా ఉందని రాశాడు. నేను ఆయనకు ఒక్క ముక్క రాయలేదు. ఈ లైను ఎవరు తీసేశారు?"

నేను నోరు తెరవలేదు. నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణం. అంతలో అర్థమైపోయింది ఆయనకు.

"నేనేనమ్మా," అన్నాడు మళ్ళీ.

ఆవిడ ఆయన్ను చూసిన చూపు నేను చూశాను. మంత్రి విషయంలో అలా చూడలేదు. అక్కడ నేను ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు. దారి పొడుగునా కూడా అనలేదు. నాన్నా అడగలేదు. గల్లీ మలుపులో మాత్రం, "మేస్త్రీ దగ్గరికి టైమవుతుందేమో, నువ్వు వెళ్ళు," అన్నాడు.

టీచరమ్మ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. సోమవారం నాన్న వెళ్ళేసరికి గోడ మీద ఫ్రేము లేదు. ఆవిడ ఒక కవరు అందించింది. నాలుగు అంచులా జిగురు పూసి, మూత మీద లక్క అంటించిన కవరు. పైన గడియారాలాయన చిరునామా. పదిహేడేళ్ళలో మొదటి కవరు అది. నాన్న రెండు చేతులతో అందుకుని సంచిలో వేసుకున్నాడు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. అదీ కవరే, దానికీ లక్క.

అప్పట్నుంచి రిటైరయ్యేదాకా, ఆరేళ్ళు, నెలకు రెండు కవర్లు అటు, రెండు ఇటు. ఒక్కటీ ఆలస్యం కాలేదు. వాళ్ళు ఏ ఆట ఆడుతున్నారో, ఆ మంత్రి ఏమైందో నాన్నకు తెలియదు. అడగలేదు. ఇంట్లో బల్లా పావులూ మూటకట్టి అటక మీద పడేశాడు. ఎప్పుడైనా అమ్మ, "ఆ గుర్రానికి రోగం కుదిరిందా?" అని నవ్వించబోయేది. నవ్వేవాడు కాదు.

రిటైర్మెంటు రోజు ఆఖరి బీటు తిరిగి వచ్చి, సభకు వెళ్ళేముందు చెప్పాడు. "టీచరమ్మ ఇవాళ కవరు ఇవ్వలేదు. కార్డు ఇచ్చారు. బోర్లించి ఇచ్చారు."

"ఏం రాశారు?"

"చూడలేదు. సంచిలో వేసుకుని డబ్బాలో పడేశాను."

"ఎవరికో కూడా చూడలేదా?"

"చూడలేదన్నానుగా."

మర్నాడు కొత్త పోస్టుమేన్ మా గుమ్మంలో సైకిలు ఆపాడు. చేతిలో ఆ కార్డే. మా నాన్న పేరు మీద.

"ఏంటండీ ఇది, చదరంగమా? మంత్రి, గుర్రం అని ఏవేవో రాశారు," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. "పరాయివాళ్ళ ఉత్తరాలు చదవడానికి నీకు..." అని మొదలుపెట్టాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"కార్డు కదా అమ్మలూ. కనపడుతుంది," అన్నాడు.

టీచరమ్మ గుండ్రటి అక్షరాలు. 'ఆ ఆట మళ్ళీ 31 దగ్గర్నుంచే ఆడాం. ఆయన చంపలేదు. రాజును ఒక గడి పక్కకు జరిపాడు. నేను ఓడిపోయాను. మంచి ఆట. ఆయనకు చూపు బాగానే ఉంది.'

నాన్న అటక మీంచి మూట దింపించాడు. ఆరేళ్ళ కిందటి ఆటను ఒక్క పావూ తప్పకుండా పేర్చాడు. మంత్రిని ముప్పై ఒకటిలో పెట్టాడు. తెల్ల రాజును ఒక గడి జరిపాడు. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది.

"నాకు తట్టలేదు అమ్మలూ," అన్నాడు చివరికి. "నేను చంపేశాను. ఆయన చంపలేదు. ఉత్తుత్తి గెలుపు ఇచ్చి ఆవిడ చేత గోడకు తగిలింపజేశాను."

ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఎటో చూశాను. తర్వాత ఒక కార్డు అడిగాడు. నేను రాయబోతే వద్దని, తనే కలం తీసుకున్నాడు. 'మీ ఎత్తు: మంత్రి 31. అందింది.' ఆరేళ్ళ కిందట వెళ్ళాల్సిన మాట. ఒకటిని తల లేకుండా, నిలువుగా గీశాడు. గీసి, మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. ఇంకేమీ రాయలేదు.

"నేను వేసొస్తాను," అని తీసుకున్నాను.

డబ్బా దగ్గర గోడకు ఆనించి, అడుగున సొంత మాట రాసే చోట, నేను రాశాను. ఎవరి దస్తూరీ కాదు, నాదే. ఎన్నో బోర్డులు రాసిన చెయ్యి, అక్షరాలు వంకర్లు పోయాయి. 'ఆపరేషన్ సంగతి రాయకుండా వదిలేసింది నేను. నాన్న కాదు.' కింద నా పేరు పెట్టాను. సార్టింగు గదిలో నలుగురూ చదువుతారు, కొత్త పోస్టుమేన్ తప్పకుండా చదువుతాడు. కవరు కొనడానికి పక్కనే పోస్టాఫీసు కిటికీ తెరిచి ఉంది. కార్డే డబ్బాలో వేసి ఇంటికొచ్చాను.